సైకిల్‌కు దారుంది, రాత్రికి చోటేది?

ఏప్రిల్ 14న కరీంనగర్‌లో బయల్దేరి ఏప్రిల్ 20 నాటికి ఇంద్రవెల్లి స్తూపం దగ్గరికి చేరేలా ఒక సైకిల్ దారి తయారు చెయ్యాలని మా పరిశోధక విద్యార్థుల బృందం ఏడాదిగా ప్రయత్నిస్తోంది. మొదటి తేదీ బాబాసాహెబ్ పుట్టినరోజు. రెండోది 1981లో ఇంద్రవెల్లిలో గోండుల సభ మీద పోలీసులు కాల్పులు జరిపిన రోజు. చనిపోయింది 13 మంది అని సర్కారు చెప్పింది. ఆదివాసులు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. దళిత, ఆదివాసీ జ్ఞాపకాలు ఒకే వారంలో ఇంత దగ్గరగా రావడం ఉత్తర తెలంగాణలోనే కనిపిస్తుంది.

పగటి దారి గీయడం ఒక పూట పని. రాజీవ్ రహదారి మీద సుల్తానాబాద్, పెద్దపల్లి, గోదావరిఖని. గోదావరి దాటితే మంచిర్యాల. అక్కడి నుంచి మందమర్రి, బెల్లంపల్లి, రెబ్బెన, ఆసిఫాబాద్. తర్వాత కెరమెరి ఘాట్ ఎక్కి జోడేఘాట్, జైనూర్, ఉట్నూర్ మీదుగా ఇంద్రవెల్లి. ఎండలు ముదిరే నెల కాబట్టి తెల్లవారుజామున నాలుగు గంటలు, సాయంత్రం రెండు గంటలు తొక్కితే చాలు. ఏడాదిగా మమ్మల్ని తిప్పలు పెడుతున్నది మధ్యలోని ఆరు రాత్రులు. సైకిల్ మీద పోయే దళిత విద్యార్థి, అందులోనూ అమ్మాయి, ఆ ఆరు రాత్రులు ఎక్కడ పడుకోవాలి? ఎవరి అరుగు మీద, ఏ గదిలో, ఎవరిని ఏమని అడిగి?

ఇది సైకిల్ సరదాకు సంబంధించిన చిన్న ప్రశ్న అనుకునేవాళ్లు చట్టం ఒకసారి తిరగేయాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 3(1)(జెడ్ఏ) కింద ఎస్సీ, ఎస్టీలను బహిరంగ ప్రదేశాల్లో సైకిలు, మోటారు సైకిలు ఎక్కకుండా, చెప్పులు వేసుకోకుండా, కొత్త బట్టలు కట్టుకోకుండా, పెళ్లి ఊరేగింపు తీయకుండా అడ్డుకోవడం నేరం. ఒక దేశపు పార్లమెంటు 21వ శతాబ్దంలో కూచుని సైకిల్ తొక్కే హక్కును పేరుపెట్టి చట్టంలో రాయవలసి వచ్చింది. ఇందులో గర్వపడాల్సింది ఉందో, సిగ్గుపడాల్సింది ఉందో చదివేవాళ్లే తేల్చుకోవాలి.

పడకకు సంబంధించిన చట్టం ఇంకా పాతది. రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్ల విషయంలో కులం పేరుతో ఆంక్షలు కూడదంది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా అని పేర్లు పెట్టి చెప్పింది. అందరికీ గానీ, ప్రజల్లో ఒక వర్గానికి గానీ తెరిచి ఉన్న అలాంటి చోట అంటరానితనం పేరుతో ఎవరినీ రానివ్వకుండా చెయ్యకూడదు. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. ఆ ఐదు వందలు 1976 సవరణ నాటి మొత్తం. ఇప్పుడు అది మామూలు లాడ్జిలో ఒక రాత్రి గది అద్దెకు కూడా సరిపోదు.

"ప్రజల్లో ఒక వర్గానికి" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. మన పుణ్యక్షేత్రాల్లో ఎక్కడ చూసినా కులసత్రాలు కనబడతాయి. గుడి చుట్టూ తిరిగితే కులానికొక బోర్డు. యాత్రికులకు అన్నం పెట్టి చోటిచ్చే సంప్రదాయం మంచిదేనని అందరూ అంటారు, మేమూ కాదనం. కానీ ఆ బోర్డుల వరుసలో మాల సత్రమో మాదిగ సత్రమో వెతకండి. దొరికినా క్షేత్రానికి దూరంగా, ఈమధ్యే, సొంత చందాలతో కట్టుకున్నదై ఉంటుంది. వందల ఏళ్లు గుడిలోకే రానివ్వని వాళ్లకు గుడి పక్కన సత్రం ఎలా వస్తుంది? "మేం ఎస్సీలనే కాదు, మా కులం కానివాళ్లెవరినీ రానివ్వం, ఇందులో అంటరానితనం ఎక్కడిది?" అని సత్రం మేనేజర్లు అంటారు. అంటే అందరినీ కాదంటే అది వివక్ష కాదన్నమాట. మా దృష్టిలో "ఒక వర్గానికి" అనే మాట ఈ వాదనకు అడ్డుకట్ట వెయ్యడానికే ఉంది. దాన్ని పట్టుకుని పోరాడే లాయర్లు కావాలి. అయితే సైకిల్ మీద వచ్చినవాడికి రాత్రి ఎనిమిదికి కావాల్సింది చాప, నీళ్లు. కోర్టు తీర్పు కోసం అతను ఆ పూట ఎదురుచూడలేడు.

ఇక లాడ్జిలు. లాడ్జిలో ఎవరూ కులం అడగరని అందరూ నమ్ముతారు. ఆధార్ కార్డు అడుగుతారు. దాని వెనక అడ్రస్ ఉంటుంది. "ఎస్సీ కాలనీ", "హరిజనవాడ" అన్న మాటలు ఆ అడ్రస్‌లో అచ్చయి ఉంటే కులం అడగాల్సిన పనేముంది? మా దారి మీద ఒక పట్టణంలో మేనేజర్ మా మిత్రుడి కార్డును వెనక్కి తిప్పి చదివి, గదులు ఖాళీ లేవన్నాడు. అతని వెనక బోర్డుకు సగం తాళంచెవులు వేలాడుతూనే ఉన్నాయి. కులం వల్లే కాదన్నాడని రుజువు చెయ్యగలమా? చెమటతో, దుమ్ముతో, సైకిళ్లతో వచ్చినందుకు కావచ్చు. ఇలాంటి చోటే పౌరహక్కుల చట్టం పన్నెండో సెక్షన్ పనికొస్తుంది. బాధితులు ఎస్సీలైతే, ఎదుటివాళ్లు కాదని రుజువు చేసేదాకా ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా లాడ్జి గది కోసం ఆ సెక్షన్ కింద ఫిర్యాదు ఇచ్చినవాళ్లు మాకు ఇంతవరకు తారసపడలేదు. తెల్లారితే తొక్కాల్సిన కిలోమీటర్లు ఉంటాయి కదా. అడ్రస్ విషయంలో మాత్రం పక్క రాష్ట్రాన్ని చూసి నేర్చుకోవచ్చు. "కాలనీ" అనే మాట అవమానానికి గుర్తుగా మారింది కాబట్టి ప్రభుత్వ రికార్డుల నుంచి తీసేస్తామని తమిళనాడు ముఖ్యమంత్రి 2025 ఏప్రిల్‌లో అసెంబ్లీలో ప్రకటించాడు.

అడ్రస్ రాసి చూపిస్తే మూసుకునే తలుపుల కథ మనకు 1917 నుంచి తెలుసు. కొలంబియాలో చదువుకుని వచ్చిన అంబేద్కర్‌కు బరోడా సంస్థానంలో ఉద్యోగం దొరికింది గానీ ఉండడానికి గది దొరకలేదు. పార్శీ పేరు పెట్టుకుని పార్శీల సత్రంలో దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి వెళ్లగొట్టింది. రైలు వేళ దాకా ఊరి పార్కులో కూచుని బొంబాయి వెళ్లిపోయాడు. 1934లో ఆయన మిత్రులతో కలిసి వేరూల్ గుహలు చూడడానికి పోతూ దౌలతాబాద్‌లో ఆగాడు. అది నిజాం రాజ్యం. కరీంనగర్, ఆదిలాబాద్ కూడా అప్పుడు అందులోవే. ఆ రాజ్యంలో తామెవరో చెప్పకుండా మామూలు యాత్రికుల్లా పోవాలని వాళ్లు ముందే నిర్ణయించుకున్నారు. కోట దగ్గర చెరువు నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కున్నాక అసలు విషయం తెలిసి పెద్ద గొడవైంది. ఈ రెండు సంఘటనలూ ఆయనే రాసిపెట్టిన ప్రయాణాలు. రాజకీయ నాయకుడిగా కన్నా ముందు బాటసారిగానే ఆయన ఈ దేశాన్ని చదివాడేమో అనిపిస్తుంది.

అమెరికాలో ఇదే సమస్యకు ఒక పుస్తకం పుట్టింది. న్యూయార్క్ హార్లెంలో ఉండే విక్టర్ గ్రీన్ అనే నల్లజాతి పోస్టుమ్యాన్ 1936 నుంచి "గ్రీన్ బుక్" అనే చిన్న పుస్తకం వేసేవాడు. నల్లవాళ్లకు గది ఇచ్చే హోటళ్లు, చోటిచ్చే ఇళ్లు, పెట్రోలు పోసే బంకులు ఊరి పేరుతో సహా అందులో ఉండేవి. 1964 పౌరహక్కుల చట్టం హోటళ్లలో వివక్షను నిషేధించాక దాని అవసరం తగ్గింది, తర్వాత రెండు మూడేళ్లకు ఆగిపోయింది. అంతకు ముందు, 1897లో, అమెరికా సైన్యంలోని ఇరవై మంది నల్ల సిపాయిలు మాంటానా నుంచి సెయింట్ లూయిస్ దాకా 1,900 మైళ్లు 41 రోజుల్లో సైకిళ్ల మీద తొక్కారు. గుడారాలు హ్యాండిల్‌కు కట్టుకుని పోయారు. 1899లో ప్రపంచ సైకిల్ చాంపియన్ అయిన మేజర్ టేలర్‌కు సొంత దేశంలోనే ఎన్నో హోటళ్లు గది ఇవ్వలేదు. మెడల్ ఇచ్చిన ఊరే మంచం ఇవ్వనంది.

మనకూ ఒక గ్రీన్ బుక్ కావాలని మాలో కొందరు మొదట గట్టిగా అన్నారు. ఆ మాట అన్నంత సులువు కాదని ఉత్తర తెలంగాణ చరిత్రే చెబుతుంది. ఇక్కడ అపరిచితుడికి రాత్రి అన్నం పెట్టడం ఒకప్పుడు నేరం. 1978 సెప్టెంబర్ జగిత్యాల జైత్రయాత్ర తర్వాత, ఆ అక్టోబర్‌లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా మాదిగవాడల్లో, గోండు గూడేల్లో ముసలివాళ్లనడిగితే ఒకే కథ చెబుతారు. రాత్రి వచ్చినవాళ్లు అన్నం అడిగారు, పెట్టకపోతే బాధ, పెడితే తెల్లారి పోలీసులతో బాధ. ఆశ్రయం ఇచ్చావన్న మాట మీద స్టేషన్లలో దెబ్బలు తిన్న కుటుంబాలు ఎన్నో. అందుకే ఇప్పటికీ పొద్దుగూకాక బ్యాగులతో, టోపీలతో, సైకిళ్లతో నలుగురు వాడలోకి వస్తే ముందు వచ్చే ప్రశ్న "ఏ ఊరు బిడ్డా? ఎవలోళ్లు మీరు?" అనే. బయటి పాఠకుడికి ఇది కులం అడగడంలా వినిపిస్తుంది. నిజమే, ఊరిలో పటేలు అడిగితే అది కులమే. వాడలో అవ్వ అడిగితే అందులో భయమూ ఉంటుంది, చుట్టరికం వెతుక్కునే ఆశా ఉంటుంది. రెండిటికీ మాటలు ఒకటే. మనకు చోటిచ్చిన ఇంటి పేరు, ఫోను నంబరు ఒక వెబ్ పేజీలో పెట్టేస్తే ఆ ఇంటికి ఏమవుతుందో ఆలోచించకుండా గ్రీన్ బుక్ వెయ్యలేం.

ఇంద్రవెల్లి దగ్గరికొచ్చేసరికి ఇది ఇంకా ముదురుతుంది. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20న స్తూపం దగ్గర ఆంక్షలే ఉండేవి. ఈమధ్య సడలించారు, స్మృతివనం అన్నారు. అయినా 19 రాత్రి ఆ చుట్టుపక్కల గుడారం వేసుకుంటే అడగని కానిస్టేబుల్ ఉండడు. జైనూర్‌లో 2024 సెప్టెంబర్ అల్లర్లు, కర్ఫ్యూ తర్వాత కొత్తవాళ్ల మీద అనుమానం మరింత పెరిగింది. పక్కనున్న అడవి చాలా మేర కవ్వాల్ పులుల అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ గుడారం వెయ్యడానికి వీల్లేదు.

గుడారం మాటొచ్చింది కాబట్టి ఇంకో సంగతి. సైకిల్ క్లబ్బుల వాళ్లు క్యాంపింగ్‌ను స్వేచ్ఛగా చెప్పుకుంటారు. చెరువు గట్టు, చెట్టు నీడ, నక్షత్రాలు. అదే చెరువు గట్టు మీద డక్కలి, బుడగ జంగం, మాస్టి కుటుంబాలు తరతరాలుగా గుడారాలు వేసుకుని బతికాయి. వాళ్లకు అది సరదా కాదు, ఊరు లోపలికి రానివ్వదు కాబట్టి. వలసపాలన 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం సంచారినే దొంగగా చూడడం నేర్పింది. 1952లో ఆ చట్టం పోయింది, చూపు పోలేదు. ఇక్కడ మన వాళ్ల సంగతీ చెప్పాలి. డక్కలివాళ్లు మాదిగల ఆశ్రితులు, మాదిగల కులపురాణం చెప్పి బతికేవాళ్లు. ఆ మాదిగ ఇళ్లలోకే వాళ్లను రానివ్వని ఆచారం మొన్నమొన్నటి దాకా ఉంది, కొన్ని చోట్ల ఇప్పటికీ ఉంది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన ఎస్సీ వర్గీకరణలో ఈ కులాలను మొదటి గ్రూపులో పెట్టి ఒక శాతం ఇచ్చారు. ఆ ఒక శాతం గురించి వాదనలు నడుస్తూనే ఉన్నాయి. మా ప్రశ్న చిన్నది. మన దళిత సైకిల్ యాత్రలో డక్కలి పిల్లవాడు ఉంటే, మనకు చోటిచ్చే వాడలో అతనికి చాప లోపల వేస్తారా, బయట వేస్తారా?

సర్కారు యాత్రలు, పార్టీ యాత్రలు ఈ ప్రశ్నలను దాటిపోతాయి, తమ పైకప్పు తామే మోసుకుపోతాయి కాబట్టి. ఇప్పటి ఉప ముఖ్యమంత్రి మల్లు భట్టి విక్రమార్క 2023 మార్చి 16న ఆదిలాబాద్ జిల్లా పిప్పిరిలో మొదలుపెట్టిన పాదయాత్ర మేం చెప్పే దారికి దగ్గరగానే సాగింది. ఒక దళిత నాయకుడు వంద రోజులకు పైగా నడవడం చిన్న విషయం కాదు. కానీ అలాంటి యాత్రలో రాత్రి బస ఒక ఏర్పాటు. టెంటు, జనరేటరు, వంటవాళ్లు, బందోబస్తు. ఎవరి గడపా తొక్కాల్సిన పని లేదు. ఇక నాయకుల "దళితవాడ నిద్ర" సంగతి చెప్పనక్కర్లేదు, మంచం నుంచి మంచినీళ్ల సీసా దాకా బయటి నుంచే వస్తాయి. 1983 మార్చి 15న కాన్షీరాం డీఎస్4 జెండాతో ఢిల్లీ నుంచి ఉత్తరాది రాష్ట్రాల మీదుగా తొక్కిన సైకిల్ యాత్ర వేరే రకం. రెండు కాళ్లు, రెండు చక్రాలు తప్ప మన దగ్గర ఇంకేం లేదన్నదే ఆ యాత్ర లెక్క. మరుసటి ఏడాది ఏప్రిల్ 14న బీఎస్పీ పుట్టింది. ఆ ఎన్నికల చరిత్ర మీద పుస్తకాలున్నాయి. ఆ సైకిళ్లు రాత్రి ఎక్కడ ఆగాయి, ఎవరు రొట్టెలు చేసి పెట్టారు అన్నది ఎవరైనా పరిశోధించాల్సిన అంశం.

ఇప్పుడు కొత్తగా వచ్చింది హోమ్‌స్టే. తెలంగాణ 2025-30కి పర్యాటక విధానం తెచ్చింది. కేంద్ర బడ్జెట్ 2025-26లో హోమ్‌స్టేలకు ముద్ర రుణాలన్నారు. అంతకుముందే ఆదివాసీ గ్రామాల పథకంలో వెయ్యి హోమ్‌స్టేలకు డబ్బు పెట్టారు, కొత్త గదులకు 5 లక్షల దాకా, పాత ఇల్లు బాగుచేసుకోవడానికి 3 లక్షల దాకా. గోండు ఇంట్లో జొన్న రొట్టె తినడానికి హైదరాబాద్ నుంచి కార్లలో వస్తారు. మంచిదే, ఆ డబ్బు గూడెంలోనే ఉంటే. కానీ మాదిగవాడలో హోమ్‌స్టే అని బోర్డు పెడితే ఎవరు దిగుతారు? 2011-12 భారత మానవాభివృద్ధి సర్వేలో దేశంలో 27 శాతం కుటుంబాలు తాము ఏదో ఒక రూపంలో అంటరానితనం పాటిస్తామని తామే ఒప్పుకున్నాయి. అమెరికాలో ఇల్లు అద్దెకిచ్చే ఎయిర్‌బీఎన్‌బీ మీద హార్వర్డ్ పరిశోధకులు జరిపిన ప్రయోగంలో నల్లవాళ్ల పేర్లున్న అతిథులకు సరేననడం 16 శాతం తక్కువగా ఉందని తేలింది. అక్కడ పేరు చెప్పే పనిని ఇక్కడ ఇంటిపేరూ, వాడ పేరూ చేస్తాయి. అడవి అందం చూపించి ఆదివాసీని అమ్మగలుగుతున్న పర్యాటక శాఖకు దళితవాడలో అమ్మడానికి ఏమీ కనిపించడం లేదు. అందుకే ఆ రుణాల జాబితాలో మన వాడల పేర్లు వెతికే పని ప్రతి మండలంలో ఎవరో ఒకరు పెట్టుకోవాలి.

మరి ఈ దారిలో నిజంగా చోటిచ్చేది ఎవరు? మా అనుభవంలో మూడు రకాలు. మొదటిది హాస్టల్ దోస్తానా. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఒకే బెంచీ మీద అన్నం తిన్నవాళ్లు ఈ రెండు పాత జిల్లాల్లో ప్రతి మండలంలో ఉన్నారు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లిలో సింగరేణి క్వార్టర్లు అలాంటి దోస్తులతోనే నిండి ఉంటాయి. నైట్ షిఫ్టుకు పోయేవాడి మంచం ఖాళీగానే ఉంటుంది మరి. రెండోది చర్చిలు. 19వ శతాబ్దం చివర వెస్లియన్ మిషన్ కరీంనగర్ వైపు వచ్చినప్పుడు మొదట తలుపు తెరిచింది మాల, మాదిగలకే. పాస్టర్‌ను ముందుగా అడిగితే హాలు దొరుకుతుంది, అమ్మాయిలు కూడా నిశ్చింతగా పడుకోవచ్చు. ఆదిలాబాద్ వైపు మరాఠీ మాట్లాడే అంబేద్కరీయుల బుద్ధ విహారాలు ఇలాగే తెరుచుకుంటాయి. మూడోది ఆదివాసీ గూడెం, అయితే పటేల్‌ను ముందే కలిసి ఒప్పుకోలు తీసుకుంటేనే.

దూర ప్రయాణంలో రాత్రి మజిలీలు ఎలా ఉండాలో ఈ నేల మీద అందరికన్నా బాగా తెలిసినవాళ్లు మెస్రం గోండులు. నాగోబా జాతరకు ముందు కేస్లాపూర్ నుంచి జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గోదావరి నీళ్లు తెస్తారు. దారి పొడవునా ఏ రాత్రి ఏ ఊళ్లో ఆగాలో కట్టుబాటు ఉంది, ఆ ఊరివాళ్లకు అతిథుల్ని చూసుకోవడం బరువు కాదు, వంతు. తిరిగొచ్చాక కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద బస. పుష్యమాసం అమావాస్య నాడు పూజ. అక్కడ ఎవరూ గది బుక్ చేసుకోరు, ఎవరికీ చోటు లేకుండా పోదు. మేం కాపీ కొట్టాల్సింది గ్రీన్ బుక్ కన్నా ఈ వంతును. ఒక ఇంటి మీద భారం వెయ్యకుండా ఒక వాడ మొత్తం ఒక రాత్రిని తన వంతుగా తీసుకోవడం.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది, అది పెద్ద ఖర్చు లేనిది. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. హాలు, కరెంటు, మరుగుదొడ్లు ఉన్న భవనాలు. సాయంత్రం ఐదు దాటితే తాళం. అంబేద్కర్ భవనాల సంగతీ అంతే, జయంతి నాడు తీసి మర్నాడు మూస్తారు. ఏప్రిల్‌లో పరీక్షల వేళ కాబట్టి హాస్టళ్లను అడగడం పిల్లలకు అన్యాయం. ఈ రెండు రకాల భవనాలను బాటసారులకు రాత్రిపూట చిన్న రుసుముతో తెరిచి, పంచాయతీ కార్యదర్శి దగ్గర రిజిస్టరు పెడితే చాలు. ప్రజాధనంతో కట్టినవి కాబట్టి 15(2) వాటికి నేరుగా వర్తిస్తుంది, కాదన్నవాళ్లను చట్టం ముందు నిలబెట్టడమూ సులువే.

ఇంతలో మేం మా పుస్తకం మేం రాస్తున్నాం, అచ్చులో కాదు. ఒక నోటుబుక్కు, మా బృందంలో ఇద్దరి దగ్గర. ఊరు, వాడ, నీళ్లు ఎక్కడ, మరుగుదొడ్డి ఉందా, అమ్మాయిలు ఉండొచ్చా, సైకిల్ పంక్చర్ వేసే షాపు ఎంత దూరం, ముందు ఎవరికి చెప్పాలి. ఇంటివాళ్ల పేర్లు రాయడం లేదు, వాళ్లే రాయమన్న చోట తప్ప. పెద్దపల్లి, గోదావరిఖని, బెల్లంపల్లి, ఆసిఫాబాద్ పేజీలు నిండాయి. కెరమెరి ఘాట్ పైన రెండు పేజీలు ఇంకా తెల్లగా ఉన్నాయి. ఆ వైపు ఊళ్ల విద్యార్థులెవరైనా మీ వాడ పెద్దల్ని అడిగి, వాళ్లు సరేనంటే చెప్పండి. ఒక రాత్రికి నలుగురం, మా దుప్పట్లు మావే, బియ్యం కూడా తెచ్చుకుంటాం.